ఏడ్చే కుక్కపిల్లకు ముందు వెచ్చదనం, తరువాత పాలు

కార్తీకం గడిచి ధనుర్మాసం సమీపించేసరికి హోసూరు వీధులలో కుక్కపిల్లల ఏడుపు వినవస్తుంది. వీధికుక్కలు వానలు తగ్గుముఖం పట్టే రోజులలో ఎక్కువగా జతకూడి చలికాలంలో పిల్లలు పెడతాయి. వాటి గర్భకాలం సుమారు 63 దినాలు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున ఆ నెలల రాత్రులు చాలా చల్లగా ఉంటాయి. సగం కట్టిన ఇంటి ఇసుకగుట్ట పక్కన, మురుగుకాలువ బండ కింద, ఆగివున్న లారీ చాటున కళ్లు తెరవని నాలుగైదు పిల్లలు కుయ్యుమంటూ ఉంటే దయగలవారికి చూస్తూ ఊరుకోవడం సాధ్యం కాదు. ఒకటి రెండింటిని ఇంటికి తెచ్చి, ఆవుపాలు కాచి చల్లార్చి, దూదితోనో చెంచాతోనో పట్టిస్తారు. ఒకటి రెండు దినాలు బాగానే ఉన్నట్లు కనబడి, ఆ తరువాత పిల్ల విరేచనాలతో నీరసించి చనిపోతుంది. ఇంట్లోని చిన్నపిల్లలు దానికోసం ఏడుస్తారు.

ఇటువంటి మరణాలలో చాలావరకు నివారించదగినవే. ముందు చేయవలసిన పని వెనుకకు, వెనుక చేయవలసిన పని ముందుకు పోవడమే ఇక్కడి పొరపాటు. ఏ పని ముందు, ఏది తరువాత అన్నది తెలియాలంటే ఆ పిల్ల ఎందుకు ఏడుస్తున్నదో కొంత తెలియాలి.

తల్లి ఉన్నదా, లేదా

పిల్లలు ఏడుస్తున్నంత మాత్రాన అవి దిక్కులేనివని తలచరాదు. పాలిచ్చే కుక్కకు ఆకలి ఎక్కువ. వీధిలో తిండి వెదుక్కోవడానికి అది పిల్లలను విడిచి పోక తప్పదు. మనుషులు చుట్టూ మూగి నిలబడితే తిరిగివచ్చిన తల్లి కూడా దగ్గరకు రాక చాటుననే ఆగిపోతుంది. కావున దూరంగా జరిగి రెండు మూడు గంటలు గమనించడం మంచిది. పిల్లలు ఒకదానిమీద ఒకటి ముద్దగా పడి నిద్రిస్తూ, పొట్టలు గుండ్రంగా ఉన్నట్లయితే తల్లి వచ్చిపోతున్నదనే అర్థం. నిద్రలో అవి కాళ్లు విదిలించడం, ఉలికిపడటం సహజమే. అది మూర్ఛ కాదు. పుట్టిన కొత్తలో పిల్లలు దినంలో అధికభాగం నిద్రలోనే గడుపుతాయి.

ఉన్నచోట వాననీరు చేరుతున్నా, వాహనాల ప్రమాదం ఉన్నా, పిల్లలన్నింటినీ కలిపి తల్లికి కనబడేటట్లు కొద్ది అడుగుల దూరంలో మెరకకు చేర్చవచ్చు. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లను వదిలివేస్తుందని పెద్దలు చెప్పే మాట కుక్కల విషయంలో సాధారణంగా నిజం కాదు. అయితే పిల్లల దగ్గర చేయి పెట్టినవారిని తల్లి కరవవచ్చు. అది ఎదురుగా ఉండగా ముట్టుకోకపోవడమే క్షేమం.

తల్లి ఉన్నచోట పిల్లలకు పాలు పోయవలసిన పని లేదు. తల్లికి అన్నమో రాగిసంకటో ఉడికిన గుడ్డుతో కలిపి పెట్టి, పక్కన నీళ్లు ఉంచితే ఆ పాలు పిల్లలకే చేరుతాయి. వండిన కోడి ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి గనుక వేయరాదు. వాడకట్టులో నాలుగు ఇళ్లవారు వంతులవారీగా ఈ పని చేస్తే పిల్లల ప్రాణాలు నిలవడానికి అది ఎంతో తోడ్పడుతుంది.

తల్లి వాహనం కింద పడి చనిపోయిందని తెలిసినప్పుడు, లేక పిల్లలు తాకితే చల్లగా ఉన్నప్పుడు మాత్రం వేచిచూడరాదు.

చలి ఏడుపు

పుట్టిన కుక్కపిల్లకు చూపు లేదు, వినికిడి లేదు. కళ్లు 10 నుండి 14 దినాల మధ్య తెరుచుకుంటాయి, చెవులు ఆ తరువాత కొద్దిరోజులకు. అంతవరకు దాని లోకమంతా వాసన, స్పర్శ, వేడి. మనకు చలివేస్తే ఒళ్లు వణుకుతుంది, ఆ వణుకే కొంత వేడిని పుట్టిస్తుంది. మొదటి వారంలోని కుక్కపిల్లకు వణకడం కూడా చేతకాదు. ఒంటిమీద కొవ్వు లేదు, బొచ్చు పలుచన. పెద్ద కుక్క శరీరోష్ణం 38 నుండి 39 డిగ్రీలు కాగా మొదటి వారపు పిల్లది 35 నుండి 37 డిగ్రీలే. తల్లి పొట్టనుండి, తోబుట్టువులనుండి రెండడుగులు దొర్లిపోతే దాని వేడి త్వరత్వరగా తరిగిపోతుంది. అప్పుడు అది చేయగలిగిన పని ఏడవడం ఒక్కటే. ఆ ఏడుపు విని తల్లి వచ్చి దగ్గరకు చేర్చుకోవాలి.

చలి ఏడుపు సన్నగా, తెరపి లేకుండా సాగుతుంది. పిల్ల తలను అటూ ఇటూ తిప్పుతూ వెచ్చదనం కోసం పాకుతుంది. ఆకలిగొన్న పిల్ల నోటికి అందినదానినల్లా చప్పరిస్తుంది, పొట్ట లోపలికి పోయి ఉంటుంది. వేడి ఎక్కువైనప్పుడు పిల్లలు ఒకదానికొకటి దూరంగా చెదరి, నోరు తెరిచి ఊపిరి తీస్తూ ఏడుస్తాయి. ఈ భేదాలను చెవితో పట్టుకోగలమని కొందరు అంటారు గాని, చేతితో చూడటమే నమ్మదగినది. పాదాలు, పొట్ట, నోటి లోపలి భాగం చల్లగా తగిలితే ఆ పిల్లకు మొదట కావలసినది పాలు కాదు, వేడి.

చల్లబడిన పిల్ల కడుపు పనిచేయదు. ఆ స్థితిలో పోసిన పాలు అరగక లోపలే పులిసిపోతాయి. మింగే శక్తి కూడా తగ్గి ఉండటంవల్ల ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. దయతో పట్టించిన పాలు ప్రాణం తీయడానికి ముఖ్యకారణం ఇదే.

వెచ్చజేయడం నెమ్మదిగా జరగాలి. పిల్లను పొడిగుడ్డతో తుడిచి, చొక్కా లోపల గుండెకు ఆనించి పట్టుకోవడం అన్నిటికన్నా సులభం. మన ఒంటి వేడి దానికి సరిపోయినంతే ఉంటుంది, కాలుతుందన్న భయం ఉండదు. ఒక గంటకో రెండు గంటలకో పిల్ల కదలికలో మార్పు వస్తుంది. తరువాత ఒక అట్టపెట్టెలో పాత దుప్పటి పరచి, వేడినీళ్లు నింపిన సీసాను తువ్వాలు చుట్టి ఒకవైపున మాత్రమే ఉంచాలి. రెండవవైపు చల్లగా ఉంటేనే వేడి ఎక్కువైనప్పుడు పిల్ల అటు పాకగలదు. సీసాను రెండు మూడు గంటలకు ఒకసారి మార్చాలి. చల్లారిన సీసా పిల్ల వేడిని తానే లాగుకుంటుంది. మొదటి వారంలో పెట్టెలోపల 29 నుండి 32 డిగ్రీల వేడి ఉండాలి. వారం వారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవచ్చు. పొయ్యి దగ్గర, కుంపటి దగ్గర పెట్టడం, వేడినీళ్లలో ముంచడం వద్దు. చర్మం కాలినా ఆ పిల్ల పక్కకు జరగలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. గట్టిగా ఏడ్చే పిల్లలో ఇంకా శక్తి ఉంది. ఏడ్చి ఏడ్చి ఊరుకుని, చల్లగా, మెత్తగా వేలాడుతున్న పిల్ల నిద్రపోయిందనుకోవడం చాలా పెద్ద పొరపాటు. అందరికన్నా ముందు చేతిలోకి తీసుకోవలసినది దానినే.

పాలు

కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలోకన్నా సుమారు రెట్టింపు. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. అందువల్ల ఆవుపాలు తాగిన పిల్లకు కడుపు నిండినట్లుండి బలం చాలదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు కలిపితే ఇంకా పలుచన అవుతుంది గనుక ఆ ఉపాయం మరింత చెరుపు. కుక్కపిల్లల కోసమే తయారుచేసిన పాలపొడి పెంపుడు జంతువుల సరుకులు అమ్మే దుకాణాలలో దొరుకుతుంది. డబ్బామీద చెప్పిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి, గోరువెచ్చగా పట్టించాలి. అది దొరికేవరకు ఏమి ఇవ్వవచ్చునో పశువైద్యుని అడగడం ఉత్తమం. ప్రభుత్వ పశువైద్యశాలకు తమిళంలో ‘కాల్నడై మరుత్తువమనై’ అని పలక ఉంటుంది. తమిళం చదవడం రానివారు ఆ మాట చెప్పి దారి అడగవచ్చు.

ఒక్కసారికి ఇవ్వవలసినది 100 గ్రాముల బరువుకు సుమారు 4 మిల్లీలీటర్లు. 300 గ్రాముల పిల్లకు 12 మిల్లీలీటర్లన్నమాట, అంటే రెండు చెంచాలకు కొంచెం ఎక్కువ. మొదటి వారంలో రాత్రింబవళ్లు రెండు మూడు గంటలకు ఒకసారి పట్టాలి. ఇది చదివి, ఇంత పని మనవల్ల కాదనిపిస్తే అలా అనిపించడంలో తప్పు లేదు. అందుకే తల్లి దగ్గరనుండి పిల్లను తొందరపడి తేవద్దని చెప్పవలసి వచ్చింది. పాలు పట్టేటప్పుడు పిల్ల పొట్టమీద బోర్లా ఉండి, తల కొద్దిగా ఎత్తి ఉండాలి. చంటిబిడ్డను ఒడిలో పడుకోబెట్టినట్లు వెల్లకిల పెడితే పాలు ఊపిరితిత్తులలోకి దిగుతాయి. చిన్న పాలసీసా లేకపోతే సూది తీసిన సిరంజితో చుక్కచుక్కగా ఇవ్వవచ్చు, పిచికారి చేయరాదు. వంటింటి త్రాసుమీద రోజూ తూచి రాసుకుంటే మంచిది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల 8 నుండి 10 దినాలలో పుట్టినప్పటి బరువుకు రెట్టింపు అవుతుంది.

వెచ్చగా ఉండి, కడుపు నిండినా ఏడుస్తున్నదంటే మూత్రం సంగతి చూడాలి. సుమారు మూడు వారాల వయసు వచ్చేవరకు పిల్ల తనంతట తాను మూత్రం, మలం విసర్జించలేదు. తల్లి నాకడంవల్లనే అది జరుగుతుంది. తల్లి లేనప్పుడు ప్రతిసారి పాలు పట్టిన తరువాత వేడినీళ్లలో ముంచి పిండిన దూదితో ఆ భాగాన్ని మెల్లగా తుడవాలి. తెలియనివారు దీనినే మరచిపోతారు. ఒంటిమీద చీమలు, గోమార్లు ఉన్నాయేమో కూడా చూడాలి. వాటిని చేతితోనో చిన్న పట్టకారుతోనో తీసివేయాలి గాని కిరసనాయిలు, పెద్ద కుక్కలకు వాడే పురుగుమందు పూయరాదు. చిగుళ్లు తెల్లబడితే రక్తహీనత అని గ్రహించి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. చంటిబిడ్డల గ్రైప్ వాటరు, జ్వరపు మందులు ఇవ్వరాదు.

ఇంటికి తెచ్చిన పిల్ల

రెండు నెలలు నిండిన పిల్లను పెంచుకోవడానికి తెచ్చినవారికి ఎదురయ్యేది మరొక రకం ఏడుపు. పగలంతా ఆడుకున్న పిల్ల రాత్రి దీపం ఆర్పగానే మొదలుపెడుతుంది. దానికి చలి లేదు, ఆకలి లేదు. పుట్టిననాటినుండి ఒక్కటిగా నిద్రించి ఎరుగదు, అంతే. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరాలు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రచురించిన గ్రంథంలో, 3 నుండి 12 వారాల మధ్యకాలం కుక్క తోటి ప్రాణులతో అనుబంధం ఏర్పరచుకునే కీలకదశ అని వివరించారు. ఆ వయసులో ఒంటరితనం దానికి నిజమైన భయమే.

ఏడవనిస్తే రెండు రోజులలో అదే మానుకుంటుందని మేడమీదనో స్నానపుగదిలోనో పెట్టి తలుపు వేసేవారున్నారు. మొదటి రాత్రులలో ఆ పద్ధతి సరైనది కాదని మా అభిప్రాయం. పిల్ల పెట్టెను మంచం పక్కన, చేయి అందేంత దూరంలో పెట్టుకోవాలి. తెచ్చేటప్పుడే తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటే ఆ వాసన ధైర్యాన్నిస్తుంది. పడుకునేముందు బయటకు తీసుకువెళ్లి మూత్రవిసర్జన చేయించాలి. నడిరాత్రి ఏడిస్తే మళ్లీ అదే పని చేసి, ఆటలు, ముచ్చట్లు లేకుండా తిరిగి పడుకోబెట్టాలి. పిల్ల నిదానించిన కొద్దీ పెట్టెను రోజుకు కొంత దూరం జరుపుకుంటూ పోవచ్చు. కసరడం, కొట్టడంవల్ల భయం రెండింతలవుతుంది. అద్దె ఇళ్లలో గోడ అవతలివారికి నిద్రాభంగం కలుగుతుందన్నది నిజమే. రెండు మూడు రాత్రులు ఓర్చుకొమ్మని వారికి ముందుగానే చెప్పి ఉంచడం మర్యాద.

కరిచినా, గీరినా

వీధిలోని పిల్లలను ఎత్తుకున్నప్పుడు అవి పంటితో గాని గోటితో గాని గీరితే, కుక్కపిల్లే కదా అని తేలికగా తీసుకోరాదు. రేబిస్ కుక్కపిల్లలకూ వస్తుంది. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, సున్నం, కారం పూయడం వద్దు. ఇంటిలో పెంచుకునే పిల్లకు రెండు వారాల వయసునుండి నులిపురుగుల మందు, 6 నుండి 8 వారాల మధ్య మొదటి టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా వైద్యుని సలహాతో వేయించాలి.

పెంచలేమనిపించిన పిల్లను గోనెసంచిలో పెట్టి సంతవద్దనో, వేరే పేటలోనో వదలిపెట్టడం జంతుహింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం. వీధిలోని తల్లికుక్క సంగతి వేరు. 2023 నాటి జంతుజనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించడం స్థానిక సంస్థల బాధ్యత. చికిత్స తరువాత కుక్కను సాధారణంగా పట్టిన చోటనే తిరిగి విడిచిపెడతారు. మీ వీధిలో కుక్క పిల్లలు పెట్టినట్లయితే వీధిపేరు, అది ఉండే చోటు, పిల్లల సంఖ్య రాసి నగరపాలక ఆరోగ్యవిభాగంలో తెలియజేయండి. పిల్లలు పాలు మానిన తరువాత తల్లిని తీసుకువెళ్లవలసిందిగా ఆ కాగితంలోనే కోరండి. చెవి చివర చిన్న కోత ఉన్న కుక్క కనబడితే దానికి చికిత్స జరిగినట్లే. దానిగురించి మళ్లీ తెలియజేయనవసరం లేదు.