యజమాని శీలం – కూలి లెక్క

వ్యాపార నాయకుడు గీత చదివి నిష్కాముడైతే సంస్థలో సంఘర్షణే ఉండదనే వాదం యాజమాన్య శాస్త్ర గ్రంథాల్లో బలంగా వినిపిస్తోంది. ఇది కొత్తది కాదు. ధనికుడు సంపదకు సొంతదారు కాడు, సమాజం తరఫున ధర్మకర్త మాత్రమేనన్న గాంధీ సిద్ధాంతం దీనికి ఉదాత్త రూపం. వెక్కిరించి వదిలేస్తే సరిపోదు, ఆచరణలో పరీక్షించాలి.

1918 నాటి అహ్మదాబాద్ చూద్దాం. మిల్లు యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయ్, గాంధీ ఆశ్రమాన్ని కష్టకాలంలో ఆదుకున్న దాత. ఆయన అక్క అనసూయ కార్మికుల పక్షాన నిలిచింది. అంతటి సజ్జనుడి దగ్గర కూడా 35 శాతం కూలి పెంపు ఉపదేశంతో రాలేదు. కార్మికులు సమ్మె చేశారు, గాంధీ నిరాహారదీక్ష పట్టాడు. చివరికి మధ్యవర్తి తీర్పుతో అది ఖాయమైంది. ధర్మకర్త సిద్ధాంతానికి కర్త అయిన మనిషే సమ్మె నడపవలసి వచ్చిందన్న మాట!

పోనీ, ప్రాచ్య సంప్రదాయమంటే ఒక్క గీతేనా? కౌటిల్యుని అర్థశాస్త్రం వర్తకుడి శీలాన్ని నమ్ముకోలేదు. తూనికలు, కొలతలు తనిఖీ చేయమంది. స్వదేశీ సరుకుపై 5 శాతం, విదేశీ సరుకుపై 10 శాతం అని లాభానికి హద్దు గీసింది. కూలి ఎగ్గొట్టిన యజమానికి జరిమానా విధించింది. అది రాజ్యం కోసం పుట్టిన గ్రంథమే, శ్రామికుల కోసం కాదు. అయినా ధర్మాన్ని మనసులో కాక తక్కెడలో వెతకాలని దానికి తెలుసు.

మా రావివలసకు పలాస ఎంతో దూరం కాదు. ఉద్దానం తోటల జీడిపిక్కలు అక్కడి కార్ఖానాల్లో పప్పవుతాయి. పిక్క కొట్టే ఆడకూలీల వేళ్లను జీడి రసం కాలుస్తుంది. యజమాని కార్తీకంలో మా ఎండల మల్లన్నకు అభిషేకం చేయించవచ్చు. ఆ భక్తి నిజమే కావచ్చు. కాని కూలి రేటు భక్తిని బట్టి కదలదు. పప్పు ధరను, పోటీని, కూలీల ఐక్యతను బట్టి కదులుతుంది. ఫలాపేక్ష వద్దన్న బోధ యజమానికి చెప్పినా, దాని భారం కూలి మీదే పడుతుంది. ఎందుకంటే లాభం ఆశించకుండా వ్యాపారం సాగదు. నోరెత్తని కూలితో పని సాగుతుంది.

మంచి యజమాని పాత్రను మన రచయితలు సృష్టించకూడదని నేననను. మంచి యజమానులు లేకపోలేదు. ఆ మంచితనాన్నే కథకు పరిష్కారంగా చూపడంతోనే నా పేచీ. యజమాని హృదయం మారిందని రాసేముందు, కూలి పుస్తకంలో అంకె మారిందా అని అడగాలి. మారితే, ఎవరు ఎలా మార్పించారో రాయాలి. అసలు కథ అక్కడుంది.