వేదికపై పాడువారి కర్ణయంత్రములు

ఇప్పటి పాటకచేరీలను చూచిన సోదరీమణులు పెక్కండ్రు, గాయకుల చెవులలో చిన్న గుబ్బవంటి వస్తువుండుటయు, దానినుండి సన్నని తీగ యొకటి చెవిమీదుగా వీపువైపునకు దిగుటయు గమనించియే యుందురు. అది వినికిడి తగ్గినవారు ధరించు సాధనమని కొందఱును, క్రొత్తరకపు టలంకారమని కొందఱును తలచుచున్నారు. రెండును గావు. పాడువారి గొంతును, ప్రక్కవాద్యములను వారి చెవికే వినిపించు యంత్రమది. ఇంగ్లీషున ఇన్-ఇయర్ మానిటరందురు. ఈ వ్యాసమున దానిని కర్ణయంత్రమనియే వ్రాసెదను. పాటపాడు పిల్లలుగల యిండ్లలో దీనిని గుఱించి కొంత తెలిసియుండుట మేలు. ఏలయన, తగనిదానిని కొన్నచో పోవునది సొమ్ముమాత్రమే గాదు.

వేదికపై పాడువారికి తమ పాట తమకు వినబడదా యని మీరడుగవచ్చును. ఇంటిలో తంబురా మీటుకొని పాడునప్పుడు ఆ సందేహమే లేదు. కాని పెద్ద వేదికపై స్పీకర్లన్నియు సభవైపు తిరిగియుండును. వెనుక డ్రమ్ములు మ్రోగుచుండును. ఆ మ్రోతలో తన గొంతు తనకు వినరానివాడు గొంతు చించుకొనును, శ్రుతి తప్పును. అందుచే గాయకుని పాదములముందు నేలపై వాలుగా నొక స్పీకరుపెట్టెను పెట్టు ఆచారమేర్పడినది. మన కర్ణాటక సంగీతసభలలో నేటికిని తఱచుగా కనబడునదిదియే. నలుగురు మెల్లగా పాడుచోట నిది చాలును. వాద్యములు హెచ్చినచోట మాత్రము ప్రతివారును తమ పెట్టెను హెచ్చింపుమందురు. ఒకరి పెట్టెలోని ధ్వని మఱొకరి మైకులో దూఱును. అది మరల పెట్టెలోనికి వచ్చి కీచుమని కూయును. ఆ కూత వినని కల్యాణమండపము మనదేశమున నున్నదా?

ఇట్టి యంత్రములు 1980ల దశకముననే కొన్ని వాడుకలోనికి వచ్చినవి. అమెరికాలో వాన్ హేలెన్ అను సంగీతబృందమునకు వేదికమీది ధ్వనిని చక్కబెట్టుచుండిన జెర్రీ హార్వే యనునాతడు, ఆ బృందమున డ్రమ్ములు వాయించు అలెక్స్ వాన్ హేలెన్ చెవులకు సరిపడునట్లు యంత్రమును నిర్మించెను. 1995లో అల్టిమేట్ ఇయర్స్ అను సంస్థ ఆ పనినుండియే పుట్టినది. అప్పటినుండి వీని వాడుక లోకమంతట వ్యాపించెను.

కొనుటకు ముందు చెవిని గుఱించి రెండుమాటలు తెలిసికొనవలయును. బయటిచెవినుండి కర్ణభేరివఱకు గల నాళము సుమారు రెండున్నర సెంటిమీటర్ల పొడవుండును. అది తిన్నని గొట్టము గాదు. రెండు వంపులు తిరిగియుండును. వెలుపలి మూడవవంతు మృదులాస్థి, లోపలి భాగమెముక. ఇద్దఱి చెవులొక్కతీరున నుండవు. ఒకరి రెండు చెవులే యొక్కతీరున నుండవు. కావున ఒకరికి కుదిరిన యంత్రము మఱొకరికి కుదురునని నమ్మరాదు.

యంత్రములు రెండువిధములు. అంగడిలో సిద్ధముగా దొరకునవి మొదటివి. వీనికొనను మెత్తని తొడుగుండును. సిలికోను తొడుగులును, స్పంజివంటి తొడుగులును, పెద్దవి చిన్నవి, యంత్రముతోడనే యిత్తురు. తమ చెవి యచ్చును తీయించి చేయించుకొనునవి రెండవవి. మొదటివి కొన్నివేల రూపాయలలో లభించును. రెండవవానికి పదులవేలు కావలయును. ఈ భేదమును చూచి భయపడనక్కఱలేదు. అప్పుడప్పుడు పాడువారికి, ముఖ్యముగా ఇంకను ఎదుగుచున్న పిల్లలకు, మొదటివే తగినవి. పిల్లల చెవి పెరుగుచుండును గనుక అచ్చుపోసినది కొలదికాలముననే వదులగును.

అంగడివారు సాధారణముగా చెప్పుమాట యొకటి కలదు: “దీనిలో ధ్వనియంత్రములు రెండు, దానిలో ఎనిమిది, కావున అదియే గొప్ప” అని. గాజుల సంఖ్యనుబట్టి చేతి యందమును నిర్ణయించినట్లున్నదీ మాట. మొట్టమొదట చూడవలసినది చెవినాళమును అది బాగుగా మూసినదా లేదా యనునదే. మూతపడనిచో మంద్రధ్వని యంతయు జారిపోవును. మృదంగపు తొప్పి వినబడదు, పాట పలుచబడినట్లుండును. పాడువారు అది యంత్రదోషమనుకొని ధ్వనిని హెచ్చింతురు. అపాయమిచ్చటనే మొదలగును.

మా ఆడబిడ్డ కుమార్తె వివాహసభలలో సినిమాపాటలు పాడును. ఒక యంగడివాని మాటపై విలువైన యంత్రమునే కొనెను. తొడుగు మాత్రము చెవికి వదులు. అదిగాక సభికుల చప్పట్లు వినబడుటలేదని యెడమచెవిలోనిది తీసివేసి, కుడిచెవిలోనిదే యుంచుకొని పాడుచుండెడిది. వేదికమీద నిట్లు చేయువారు పెక్కుమంది కలరు. కార్యక్రమమైన రాత్రి చెవులలో కీచురాయి కూసినట్లుండుననియు, తెల్లవారువఱకు మాటలు దూదిలోనుండి వచ్చినట్లుండుననియు తల్లితో చెప్పినది. వినికిడి నిపుణురాలు, అనగా ఆడియాలజిస్టు, పరీక్షించి, ఎడమచెవిలో 4000 హెర్ట్జుల చోట చిన్న పల్లము పడినదని కాగితముమీద గీతలో చూపెను. పెనుధ్వనిచే చెడిన చెవిలో నష్టము సామాన్యముగా ఆ ప్రాంతమునందే మొదట కనబడునట. పిల్లకు ఇరువదిరెండేండ్లు.

ఒకచెవి విడుచుటవలన నిట్లేల కలుగవలె ననిన, రెండుచెవులతో విన్న ధ్వని ఒకచెవితో విన్నదానికంటె పెద్దదిగా తోచును. భేదము మూడునుండి ఆఱు డెసిబెళ్లవఱకు నుండును. ఒక్కచెవితో వినువారు ఆ లోటు తీఱుటకై ధ్వనిని హెచ్చింతురు. యంత్రమున్న చెవికి దానివలనను, లేనిచెవికి డ్రమ్ములవలనను హాని. సభికుల సందడి వినవలెనన్నచో వేదిక యంచున సభవైపునకు మైకులు పెట్టించి, ఆ ధ్వనిని కొంచెము యంత్రములోనికి పంపింపుమని మిక్సరువద్ద కూర్చున్నవారిని అడుగుటయే సరియైన మార్గము.

ధ్వనికిని కాలమునకును గల లెక్క గృహిణులకు సుబోధమే. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలు వినవచ్చునని అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధనసంస్థ హద్దు పెట్టినది. 3 డెసిబెళ్లు పెరిగినపుడెల్ల కాలము సగమగును. 88కి 4 గంటలు, 94కి ఒకగంట, 100కి 15 నిమిషములే. మూడుగంటల కచేరిని ఈ లెక్కలో పెట్టి చూచుకొనుడు. చక్కగా కుదిరిన కర్ణయంత్రము బయటిధ్వనిని సుమారు 25 డెసిబెళ్లవఱకు తగ్గింపగలదు. ఆ మేలు, లోపలిధ్వనిని తగ్గించుకొన్నవారికే. చెవులు మూసికొని లోపల నేలపెట్టెయంత ధ్వనినే పెట్టుకొన్నచో పెట్టిన ఖర్చంతయు వ్యర్థము. లోచెవిలోని సూక్ష్మకేశకణములు ఒకసారి నశించినచో మనుష్యులలో మరల మొలవవు. అకస్మాత్తుగా వచ్చు పెనుధ్వనిని అడ్డగించు లిమిటరను ఏర్పాటు ధ్వనిపేటికలో నున్నదో లేదో కొనునప్పుడే అడుగవలయును.

స్పంజి తొడుగును పెట్టుకొను విధము: వ్రేళ్లతో నలిపి సన్నని వత్తివలె చేసి, రెండవచేతిని తలమీదుగా త్రిప్పి చెవిదొప్పను పైకిని వెనుకకును లాగి, వత్తిని లోనికి పంపి, అది ఉబ్బువఱకు వ్రేలితో అదిమిపట్టవలయును. చెవిదొప్పను లాగుటవలన నాళపు వంపు తిన్ననగును. చాలమంది ఈ లాగుటను విడిచి, యంత్రము చెడ్డదందురు. తీగను చెవిమీదుగా త్రిప్పుకొనవలయును. మాటీలు, చెంపస్వరాలు పెట్టుకొనువారికి ఇచ్చట చిక్కు. తీగ మాటీగొలుసులో చిక్కి యంత్రము జాఱును. గొలుసు తీగకు తగిలి గలగలమని చెవిలోనే మ్రోగును. వేదికనాడు కమ్మలతో సరిపెట్టుకొనుట యుత్తమము. నడుమునకు తగిలించుకొను చిన్నపేటిక చీరకుచ్చిళ్లవద్ద జాఱును. లోపావడ నాడావద్ద వెనుకవైపున కట్టుకొన్న నిలుచును.

ఇంటిలోని ఫోనుకు తగిలించుకొను బ్లూటూత్ గుబ్బలు చాలవా యని కొందఱడుగుదురు. పాట వినుటకు చాలును, పాడుటకు పనికిరావు. వానిలో ధ్వని సెకనులో పదవవంతో అంతకుమించియో ఆలస్యముగా చేరును. తన గొంతు తనకే ఆలస్యముగా వినబడిన తాళము నిలుచునా?

ఇక అచ్చు తీయించు విషయము. చెవిలో గులిమి యున్నచో ముందుగా వైద్యునిచే తీయింపవలయును. చెవి కారుచున్నను, కర్ణభేరికి రంధ్రమున్నను వైద్యుడు చూడకుండ అచ్చు తీయింపనే కూడదు. నిపుణులు దీపముతో లోపల చూచి, దారముకట్టిన చిన్న దూదియుండనో స్పంజియుండనో రెండవ వంపునకు ఆవల నుంచుదురు. కర్ణభేరికి కాపు అదియే. పిదప మెత్తని సిలికోనును పిచికారితో నింపుదురు. అయిదునిమిషములలో గట్టిపడును. నొప్పి యుండదు, నీటమునిగినట్లుండునంతే. దూదియుండను పెట్టనివారియొద్ద కూర్చుండరాదు.

గాయనులు మఱువరాని విషయమొకటి కలదు. నోరు తెఱచునప్పుడు దవడ కదలి చెవినాళపు ఆకారమే మాఱును. చెవిలో వ్రేలుపెట్టుకొని ఆవులించి చూచిన తెలియును. నోరు మూసికొని తీయించిన అచ్చు, తారస్థాయిలో నోరు తెఱచినపుడు వదులై మూత చెడును. కావున పండ్లమధ్య చిన్న దిమ్మ యుంచుకొని, నోరు తెఱచియే అచ్చు తీయించుకొనవలయును. నిపుణులు అడుగకపోయినను తాము పాటపాడువారమని మనమే చెప్పవలయును. అచ్చు రెండవ వంపును దాటుటయు ముఖ్యమే. చెవులు మూసికొని పాడునపుడు తన గొంతు తలలోనే గుమ్మని మ్రోగుట యందఱెఱిగినదే. యంత్రము ఎముక భాగమువఱకు చేరినచో ఆ గుమ్ము తగ్గును. పైపైన మూసినచో పెరుగును.

చేయించిన యంత్రము మొదటి వారము బిగువుగా తోచుట సహజము. ఒకేచోట నొప్పి, ఎఱ్ఱదనము కనబడినను, నోరు తెఱచినపుడు మంద్రము మాయమైనను, అది సహజము గాదు. చేసినవారికి గడువులోపల తిప్పిపంపి సరిచేయించుకొనవలయును. మా పిల్లది ఎడమవైపుది ఒకసారి తిప్పిపంపినాము, రెండవసారి కుదిరినది. ఇప్పుడు రెండుచెవులను మూసికొనియే పాడుచున్నది, ఏటేట పరీక్ష చేయించుకొనుచున్నది. ఆ పల్లము పూడలేదు, పెరుగనులేదు.

కచేరి ముగిసినవెంటనే యంత్రమును పొడిబట్టతో తుడిచి, ముఖము క్రిందికి త్రిప్పి మెత్తని కుంచెతో గులిమిని దులుపవలయును. పైకి త్రిప్పి దులిపిన గులిమి లోనికే పోవును. నీటిలో ముంచరాదు. మన వానకాలములో చెమ్మ దీనికి ప్రబలశత్రువు. మందుసీసాలలో వచ్చు తేమపీల్చు చిన్నపొట్లములను పాఱవేయక, యంత్రపు డబ్బీలో నుంచుడు. ఒకరిది మఱొకరికి, అక్కచెల్లెండ్రైనను, ఇయ్యరాదు. సిద్ధముగా దొరకువానికి మాత్రము ఎవరి తొడుగు వారికుండిన చాలును.