ఫ్రెంచి క్రియ: రాత బారెడు, పలుకు మూరెడు

మళ్ళీ సరుకు నింపుకోవడానికి ఫ్రెంచిలో ‘రెఅప్రొవిజ్యొనె’ అనే క్రియ ఉంది. ‘వీలైతే నింపుకునేవాళ్ళం’ అనే షరతు రూపంలో దాన్ని రాస్తే 20 రోమన్ అక్షరాలు. అదే ‘నింపుకునేవాళ్ళు’ అయితే 21. పలికేటప్పుడు లెక్క తిరగబడుతుంది. మొదటిది రె-అ-ప్రొ-వి-జ్యొ-న-ర్యొఁ, ఏడు ముక్కలు. రెండోది మామూలు మాటల్లో రె-అ-ప్రొ-వి-జ్యొన్-రె, ఆరే.

రెండోదాని చివర ఏ, ఐ, ఇ, ఎన్, టి అని అయిదు అక్షరాలు బారులు తీరినా పలికేది ఒక్క ‘ఎ’. నేను, నువ్వు, అతను రూపాలూ చెవికి అచ్చం అలాగే వినిపిస్తాయి. కర్త ఎవరో మన క్రియ తోకే చెప్పేస్తుంది. అక్కడ సర్వనామం వదిలేస్తే ఎవరో తేలదు.

అసలు చిక్కు క్రియ నడుమ ఉండే బలహీనమైన ‘అ’తోనే. ‘పాడతాం’ అనడానికి షాఁ-త్రొఁ చాలు. రాతలో దానికి ‘ఇ’ అనే రోమన్ అక్షరం ఉన్నా మాటలో ఆ ‘అ’ జారిపోతుంది. ‘వీలైతే పాడేవాళ్ళం’ అన్నప్పుడు మాత్రం షాఁ-త-ర్యొఁ. ఇక్కడ ఆ అచ్చు జారదు. జారితే త, ర, య మూడూ ఒకచోట పడతాయి. ఆ గుంపు ఫ్రెంచి నోటికి పడదు. ‘స్వాతంత్ర్యం’లో ఆ మూడింటినీ ఒకే అక్షరంగా రాసే మనకిది వింతే. చాలామందిమి ‘స్వాతంత్రం’ అనేస్తామన్నది వేరే సంగతి!

మర్యాదగా ‘మాకు ఫలానాది కావాలండీ’ అని అడిగే రూపంలో నిలబెట్టడానికి ఆ ‘అ’ కూడా లేదు. అందుకని రాతలోని ‘ఐ’ అక్షరమే పూర్తి ‘ఇ’కారమై వు-ద్రి-యొఁ అని మూడు ముక్కలవుతుంది. అదే క్రియ భూతకాల రూపం వు-ల్యొఁ, రెండే.

ఇదంతా పారిస్ వైపు మాట. తులూజ్, మార్సెయ్ లాంటి దక్షిణాది ఊళ్ళ యాసలో ఆ ‘అ’ చక్కగా వినిపిస్తుంది. సంప్రదాయ ఛందస్సులోనూ హల్లు ముందు అది లెక్కకొస్తుంది. కాబట్టి షాఁత్రొఁ పద్యంలో షాఁ-త-రొఁ.

ఇక మన నోటి అలవాట్లు. ఇంగ్లీషు చదువు నేర్పిన ‘ట’, ‘డ’లను పక్కన పెట్టి తెలుగు ‘త’, ‘ద’లతో పలకండి, అవే సరైనవి. ‘వాళ్ళు మాట్లాడతారు’ అనే ‘ఇల్ పర్ల్’ చివర ‘ఉ’ తగిలించి ‘పర్లు’ చేయకండి. రాతలో జంట హల్లు కనబడగానే ఒత్తనూ వద్దు: ‘పిలుస్తాను’ అనే అర్థంలో రెండు ‘పి’లు రాసినా పలికేది ‘అపెల్’, ‘అప్పెల్’ కాదు.

దీనికి మినహాయింపు పరుగెత్తడం. ‘అప్పట్లో పరుగెత్తేవాణ్ణి’ అంటే ‘కురె’, ‘వీలైతే పరుగెత్తేవాణ్ణి’ అంటే ‘కుర్రె’. మనం ఒకే మాటతో సరిపెట్టే రెండు అర్థాలను అక్కడ ఒక్క రేఫ బరువు విడదీస్తుంది. గడికీ గడ్డికీ తేడా పట్టే చెవికి ఇది కష్టం కాదు. చనిపోవడం అనే అర్థమున్న ‘మురీర్’దీ ఇదే పద్ధతి.