వేతన బకాయిల వసూలు (గుంటూరు, ప్రకాశం ప్రాంతం)

వేతన బకాయిల వసూలు అనగా చేసిన పనికి యజమాని చెల్లించని కూలిని లేదా జీతాన్ని కార్మికుడు చట్టం ద్వారా రాబట్టుకొనే పద్ధతి. భారతదేశంలో ఇందుకు ప్రధాన ఆధారం 2019 నాటి వేతనాల కోడ్. ఇది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అంతకుముందు 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం అమలులో ఉండేవి.

నేపథ్యం

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. పత్తి తీతకు, మిరప కోతకు స్థానిక కూలీలు చాలనందున కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాల నుండి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. వీరిని సాధారణంగా మేస్త్రీ కుదిర్చి తీసుకొని వస్తాడు. గుంటూరు మిర్చి యార్డు హమాలీలు, మిరప తొడిమలు తీసే స్త్రీలు, జిన్నింగు మిల్లుల పనివారు కూడా కూలి మీదనే ఆధారపడినవారు. పని లెక్క చాలా చోట్ల మేస్త్రీ చేతిపుస్తకంలోనే ఉంటుంది. కోతలు ముగిసి ఊరు చేరిన తరువాత బాకీ అడుగుటకు తిరిగి రావలెనన్న, దారిఖర్చులే అందులో కొంత భాగాన్ని మింగివేస్తాయి.

గడువు, బాధ్యత

కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలలోగా, వేతన చెల్లింపు చట్టం కింద పన్నెండు నెలలలోగా దరఖాస్తు చేయవలసి ఉండేది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించేవారు. వేసవిలో ఇంటికి వెళ్ళి మరుసటి పంటకు గాని తిరిగిరాని కూలీకి ఆరు నెలల గడువు దాదాపు లేనట్టే. ప్రస్తుత కోడ్ దీనిని మూడు సంవత్సరాలకు పెంచింది. ఈ ప్రాంతపు వలస కూలీకి ఇదే అన్నిటికంటె ముఖ్యమైన మార్పని చెప్పవచ్చును.

రోజుకూలి పని ముగియగానే, వారపు కూలి వారం చివరి పనిదినాన, నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా చెల్లించాలి. మేస్త్రీ వంటి కాంట్రాక్టరు ఇవ్వకపోతే ఆ సంస్థ యజమానిదే బాధ్యత. "డబ్బు మేస్త్రీకి ఇచ్చేశాను" అన్నంత మాత్రాన యజమాని తప్పించుకోలేడు.

బాకీ చెల్లించినట్లు నిరూపించవలసిన భారం కూడా యజమానిదే. వ్యవసాయంలో ఐదుగురికి మించకుండా పెట్టుకొన్నవారు రిజిస్టర్లు ఉంచనక్కరలేదు కాని, అధికారి అడిగితే కూలి ఇచ్చినట్లు తగిన రుజువు చూపాలి. అయితే అక్కడ పని చేసిన సంగతి కార్మికుడు చూపవలసి వస్తుంది. కనుక పొలం యజమాని పేరు, ఊరు, పనిచేసిన తేదీలు, తూకం లెక్కలు ఆ రోజుకారోజే ఎవరి చేతనైనా వ్రాయించుకొనుట మంచిది.

దరఖాస్తు

కార్మికుడు గాని, కార్మిక సంఘం గాని, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు గాని ఇందుకై నియమితుడైన గెజిటెడ్ అధికారికి దరఖాస్తు చేయవచ్చును. మూడు నెలల్లో తేల్చుటకు అధికారి ప్రయత్నించాలి. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించవచ్చును. ఉదాహరణకు, రోజుకు 400 రూపాయల చొప్పున 30 రోజుల కూలి రావలసి ఉంటే బాకీ 12,000 రూపాయలు, పరిహారం గరిష్ఠంగా 1,20,000 రూపాయలు. అంత మొత్తం విధించి తీరాలన్న నియమం మాత్రం లేదు.

స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. అడ్వాన్సు తీరలేదని కూలీలను కదలనివ్వకపోతే అది 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. కనీస వేతనం కన్న తక్కువకు పని చేయించుట రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఉత్తర్వుపై 90 రోజులలో అప్పీలు చేసుకోవచ్చును. యజమాని అప్పటికీ చెల్లించకపోతే అధికారి ఇచ్చే ధ్రువపత్రం మీద జిల్లా కలెక్టరు ఆ సొమ్మును భూమి శిస్తు బకాయి వలె వసూలు చేసి, కార్మికునికి అందేందుకు అధికారికి పంపుతారు.