పొలము లెక్క ఫోనులో వ్రాసికొను విధము

కోరుకొండ చుట్టుపట్ల ఎరువుల రశీదు చొక్కా జేబులోను, విత్తన సంచి చీటీ చూరులోను, కూలి లెక్క పంచాంగపు అంచునను ఉంచుట చాలమందికి వాడుక. పంట చేతికి వచ్చునాటికి వీనిలో సగము చెదలకును, సగము చాకిరేవుకును పోవును. ఇవి యన్నియు మీ ఫోనులోనే భద్రపరచుకొన వీలున్నది. 2013 లో వచ్చిన గూగుల్ కీప్ వంటి నోట్సు యాప్‌లకు రుసుము లేదు. మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పినచో అదియే వ్రాసికొనును. అంకెలను మాత్రము సరిచూడుడు. అరవై యన్నది ఇరవైగా పడినచో లెక్క యంతయు తారుమారగును.

వ్రాయుట సులువే. కావలసిననాడు దొరకుటయే కష్టము. ఈ చిక్కును మన పాత కరణములు అడంగలులో ఏనాడో తీర్చిరి: చేనునకు సర్వే నెంబరు, దాని కెదురుగా ఆ యేటి పంట. కరణము ఉద్యోగము 1984 లో పోయినను ఆ పద్ధతి పోలేదు. ఈ-పంట నమోదునకు నేటికిని సర్వే నెంబరే ఆధారము. మీరును అట్లే ఒక్కొక్క చేనునకు, ఒక్కొక్క పంటకాలమునకు ఒకే నోటు పెట్టుడు. శీర్షిక "2025 సార్వా, 112/2, స్వర్ణ" అనునట్లుండవలెను. లోపల తేదీ, పని, పరిమాణము, ఖర్చు. యూరియా బస్తా 45 కిలోలు, డి.ఎ.పి. బస్తా 50, మన ధాన్యపు బస్తా 75. కావున బస్తాల ప్రక్కన కిలోలు కూడ వేయుడు.

ఒకమారు "దాళ్వా" యనియు, మరొకమారు "దాల్వా" యనియు వ్రాయకుడు. మనకు రెండును ఒకటే గాని, యంత్రమునకు అక్షరమే ప్రమాణము. వెదకునపుడు రెండవది చూపకపోవచ్చును. లేబుళ్లు ఐదారు చాలును: చేలకు, అప్పులకు, పశువులకు. నోట్లకు రంగులు వేయుట పిల్లల ముచ్చట. దానివలన లెక్క తేలదు.

విత్తన సంచి కోయకముందే దాని చీటీని, అంగడి బిల్లును ఫొటో తీసి ఆ చేని నోటులో చేర్చుడు. ధృవీకరణ విత్తనమునకు నీలి చీటీ యుండును. మొలక రాకున్నను, బెరుకులు ఎక్కువైనను ఫిర్యాదు చేయుటకు లాటు నెంబరు, బిల్లు కావలెను. ఫొటో యున్నదని అసలు కాగితము పారవేయరాదు.

కౌలుదారులకు ఇది మరింత అవసరము. నోటిమాటమీద సాగు చేయువానికి నష్టము వచ్చిననాడు, ఆ చేను దున్నినది తానేయని చూపుటకు ఆధారము కావలెను. 2019 నాటి చట్టము క్రింద ఇచ్చిన పంట సాగుదారు హక్కు పత్రమునకు 11 నెలలే గడువు. గడువు తీరు తేదీకి నెల ముందుగా జ్ఞాపిక పెట్టుకొనుడు. మక్తా క్రింద కొలిచిన బస్తాలను, తేదీని అదే దినమున వ్రాసి, భూమి యజమానికి చూపుడు. తరువాత మాట రాదు.

పంట ముగిసిన నోటును చెరిపివేయక, ఆర్కైవులో పెట్టుడు. చెరిపినది చెత్తబుట్టలో ఏడు దినములే యుండును. ఫోను కొనిచ్చిన కుమారుని ఖాతాతోనే వాడుట కొందరికి అలవాటు. అతడు పట్టణము వెళ్లి పాస్‌వర్డు మార్చినచో లెక్కలు మీ చేతికి రావు. కావున మీ పేరనే ఖాతా తెరచి, పాస్‌వర్డును కాగితముపై వ్రాసి పెట్టెలో దాచుడు. బ్యాంకు పిన్‌ను మాత్రము నోటులో వ్రాయరాదు.

సెల్ సిగ్నలు లేని చేలలోను వ్రాయవచ్చును; సిగ్నలు అందినపుడు అది ఖాతాలోనికి చేరును. ధాన్యము కాటా వేయించిననాడు తేమ శాతమును తప్పక వ్రాయుడు. కొనుగోలునకు 17 శాతము వరకే తేమ యుండవలెను గనుక, ఎన్ని దినములు ఆరబెట్టగా ఆ తేమకు వచ్చినదో కూడ చేర్చినచో, వచ్చు దాళ్వాకు కూలీలను ఎప్పుడు పిలువవలెనో తెలియును.