గాలికొండ మీద చుక్కల ఫోటో



రాత్రి ఆకాశాన్ని ఫోటో తియ్యడమంటే కెమెరా పైకెత్తి బటన్ నొక్కడమే అని మనలో చాలామంది అనుకుంటారు. పగటి ఫోటోకి సెకనులో వందో వంతు చాలు. చుక్కల వెలుతురు బాగా తక్కువ కాబట్టి రాత్రి పూట కెమెరా కన్ను పది, పదిహేను సెకన్లు తెరిచే ఉండాలి. అంతసేపూ అది వెంట్రుకవాసి కదలకూడదు. అనంతగిరి నుంచి అరకు వెళ్ళే దారిలో ఉన్న గాలికొండకి ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడ మనిషే నిలబడలేడు, ఇక కెమెరా ఎంత!

మరి అక్కడికే ఎందుకు వెళ్ళాలి? హాస్టల్ దగ్గర లైట్ల వెలుగుకి సన్న చుక్కలు కనపడవు. కొండ మీద చీకటి చిక్కగా ఉంటుంది. జనవరి అమావాస్యకి వార్డెన్ గారి అనుమతితో సైన్సు సారు మమ్మల్ని నలుగురిని తీసుకెళ్ళారు. కెమెరా సారుదే.

ముందు గాలి సంగతి. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలు అవుతుంది. అందుకని శిఖరం మీద కాకుండా, గాలి వీచే వైపుకి అవతల, కొంచెం దిగువన బండ చాటున చోటు చూసుకున్నాం. మూడుకాళ్ళ స్టాండుని పొడుగ్గా లాగలేదు, కాళ్ళు బాగా చాపి కురచగా పెట్టాం. కెమెరా మెడపట్టీ తీసేశాం, అది గాలికి జెండాలా కొట్టుకుంటుంది. రాళ్ళు నింపిన గోనెసంచి స్టాండు నడుముకి కట్టాం. సంచి నేలకి ఆని ఉండాలి. గాల్లో వేలాడితే ఊయలలా ఊగి అదే స్టాండుని కదుపుతుంది. బటన్ కూడా వేలితో నొక్కితే అదురుతుంది గనుక పది సెకన్ల టైమరు పెట్టి అందరం దూరం జరిగాం.

గాలి లేకపోయినా ఇంకో చిక్కుంది. భూమి తిరుగుతోంది కదా, చుక్కలు గంటకి 15 డిగ్రీల చొప్పున జరుగుతాయి. ఎక్కువసేపు తెరిస్తే చుక్క గీత అయిపోతుంది. దీనికి సారు ఒక లెక్క చెప్పారు. లెన్సు మిల్లీమీటర్లని ఒకటిన్నరతో హెచ్చించి, 500ని దానితో భాగించాలి (ఆ ఒకటిన్నర సారు కెమెరాలాంటి వాటికి). 18 మిల్లీమీటర్లకి సుమారు 18 సెకన్లు వస్తుంది. 55కి ఆరే సెకన్లు.

నాకు కావలసింది 55తోనే. మా తాత పొలం కాపలా కాసే రోజుల్లో పిల్లలకోడి నడినెత్తిన ఉందా, పడమటికి వాలిందా అని చూసి పొద్దు చెప్పేవాడు. ఇప్పుడు కళ్ళకి పొర కమ్మింది. కాగితం మీద పెద్దగా అచ్చు వేసి ముఖం దగ్గర పెడితే పోల్చుకోగలడు. పిల్లలకోడిలో మామూలు కంటికి ఆరు చుక్కలు. కెమెరా వణికితే ఆ ఆరూ కలిసి ఒకటే మచ్చ! పైగా 18 నుంచి 55కి దగ్గర చేస్తే వణుకు కూడా మూడింతలు పెద్దదిగా కనిపిస్తుంది.

అదృష్టం ఏమిటంటే గాలి ఒకే ఊపున వీచదు. వచ్చి, కాస్త ఆగి, మళ్ళీ వస్తుంది. ఆగినప్పుడల్లా ఒకటి చొప్పున నలభై తీశాం. ఇరవైనాలుగు పాడయ్యాయి, పదహారు నిలిచాయి. ఆ పదహారింటినీ సారు కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చారు. అలా చేస్తే ఇసక చల్లినట్టుండే మరకలు నాలుగో వంతుకి తగ్గుతాయి, ఎందుకంటే పదహారుకి వర్గమూలం నాలుగు. లెక్కల పీరియడ్లో నిద్రపోయేవాళ్ళు ఈ వాక్యం మళ్ళీ చదవండి.

గాలిని మరీ తిట్టక్కరలేదు. అది పూర్తిగా ఆగిన అరగంటలో లెన్సు అద్దం మీద మంచు పట్టేసింది. అద్దం తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది, తడి దాని మీద చేరుతుంది. వీచే గాలి ఆ పని జరగనివ్వదు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రెండోది చొక్కా లోపల జేబులో దాచుకోవాలి.

తాత ఆ కాగితం ముక్కుకి ఆనించుకుని వేలితో ఆరు లెక్కపెట్టాడు. తర్వాత “ఈ సన్నవన్నీ ఎవరి పిల్లలురా?” అన్నాడు. కంటికి అందని చుక్కలు కూడా కెమెరాలో పడతాయని చెప్పాను.

ఈసారి గొర్రుకొయ్యలు తీస్తాం. రాదలచినవాళ్ళు పేర్లివ్వండి. ఉన్ని టోపీ, ఎర్ర కాగితం చుట్టిన టార్చి తెచ్చుకోవాలి. గోనెసంచి మాత్రం మెస్సులో అడిగి తీసుకోండి, చెప్పకుండా పట్టుకొస్తే వంటాయన ఊరుకోడు.