నేలలోని పనివాండ్రకు మేత

తొలకరి చినుకు పడినంతనే నేలనుండి లేచు కమ్మని వాసన మీకు తెలిసినదే. ఆ వాసనకు ముఖ్యకారణము స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు కల్పించు జియోస్మిన్. ఈ జీవులును, బాసిల్లస్, సూడోమోనాస్ మొదలగునవియు కూలి యడుగని పనివాండ్రు.

ఆకు, చొప్ప, పెంట చివికినపిమ్మట నేలలో మిగులు నల్లని పదార్థము హ్యూమస్. అది సులభముగా విడిపోదు. ఈ జీవులకు నోరు లేదు గనుక ఎంజైములను వెలికి విడిచి, దానిని తునియలుగావించి పీల్చుకొనును. అందు చిక్కియున్న నత్రజని యంతట పైరునకు దక్కును.

అయితే మేత వేయక పని చేయించినచో మన వేడినేలలలో హ్యూమస్ త్వరగా తరిగిపోవును. చొప్పను తగులబెట్టుట వాని నోటికాడి కూడును తగులబెట్టుటయే.

హైదరాబాదులోని టోలిచౌకికి వాయవ్యముగా నున్న పటాన్‌చెరువునందు, ఇక్రిశాట్ వారు 1976లో రేగడినేలపై ఒక దీర్ఘపరీక్ష ప్రారంభించిరి. ఎత్తుమళ్లు, కంది అంతరపంట, మితమైన ఎరువు కలిసిన పద్ధతిలో హెక్టారునకు సగటున సుమారు 5 టన్నుల గింజ పండగా, పాతపద్ధతిలో సుమారు 1 టన్నే పండినది. క్రొత్తపద్ధతి నేలలో కర్బనమును, సూక్ష్మజీవులును హెచ్చినవి.

ఒక జాగ్రత్త. వరిగడ్డిలో నత్రజని స్వల్పము. చివుకని గడ్డిని దున్ని వెంటనే విత్తినచో, ఈ జీవులు నేలలోని నత్రజనిని తామే లాగికొనును, మొలక పసుపుబారును. కావున గడ్డిని పెంటతో కలిపి గుంటలో చివుకనిచ్చి వేయుడు. జనుము, జీలుగలను పూతదశలో కలియదున్నుడు. నేలకు పెట్టిన కూడు గాదెకు తిరిగివచ్చును.